తొంభై ఏడు మార్కుల దాంపత్యం

భార్య తన భర్తకు కిడ్నీ ఇవ్వదలచుకున్న పక్షంలో, వారిరువురి మధ్య ప్రేమాభిమానాలు ఉన్నవని మూడు ప్రతుల్లో రుజువు చేసుకోవాలని పెద్దాసుపత్రివారి అనురాగ నిర్ధారణ సంఘం ప్రజల సౌకర్యార్థం నోటీసు అంటించింది. అంటించిన చోటు లిఫ్టు లోపలి గోడ. లిఫ్టు పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది. కనక అందులోకి వెళ్ళి మరీ చదివే పట్టుదల ఉన్నవాళ్ళే అవయవమార్పిడికి తగినవాళ్ళని సంఘం ఉద్దేశం కాబోలు.

గడియారాలు బాగుచేసే ఆయన వెళ్ళి చదివాడు. రెండు కిడ్నీలూ ఆయనకు మాటమాత్రమైనా చెప్పకుండా పని మానుకుని ఏడాదిన్నరయింది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మెషిను పక్కన పడుకుంటాడు. రోజుకు కొలిచి నాలుగు గ్లాసుల నీళ్ళు, అంతే. ఇప్పుడు మెషిను గొట్టం తగిలించే చేతి నరం కూడా మొరాయిస్తోంది. రెండు నెలల్లోగా ఆపరేషన్ అయిపోవాలని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఆయన భార్య లెక్కల టీచరు. తన కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలగానే, "అయితే నాది తీసుకోండి, ఎప్పుడు రమ్మంటారు?" అని సెలవుచీటీ ఇచ్చినంత మామూలుగా అడిగింది. ఆయనకు అంత సంతోషమూ, అంత సిగ్గూ ఒకేసారి ఎప్పుడూ కలగలేదు.

ఇక సంఘం సంగతి. కొందరు దళారులు ఎవరెవరినో తీసుకొచ్చి భార్యాభర్తలుగా చూపించి కిడ్నీలు అమ్మిస్తున్నారట. అందుచేత అసలు భార్యాభర్తలు కూడా భార్యాభర్తల వేషం శ్రద్ధగా కట్టి చూపించాలని సంఘం తీర్మానించింది. ఇంతకన్నా న్యాయమైన తీర్మానం ఉండదు.

మొదట ఫోటోలు అడిగారు. దంపతులు పక్కపక్కన, అరడుగు దూరానికి మించకుండా, ఐదు వేరువేరు సంవత్సరాల్లో. ఇంట్లో బీరువా అంతా బోర్లించి వెతికితే పెళ్ళిఫోటో దొరికింది. అందులో ఇద్దరూ పోలీసుస్టేషనుకు పిలిపించినట్టు నిలబడి ఉన్నారు. మిగతా అన్నిట్లోనూ ఇద్దరి మధ్యా ఎవరో ఒకరు ఉన్నారు. ఒక్క ఫోటోలో మాత్రం పక్కపక్కనే ఉన్నారుగాని, అందులో ఆవిడ వేలు చూపించి ఆయన్ని మందలిస్తోంది, ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు. అది జత చెయ్యనా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఆవిడ వేలు దగ్గర కత్తిరించి జత చేశారు.

తరవాత ఇరుగుపొరుగు వాంగ్మూలం. పై అంతస్తులో ఉండే ఆయన నిజాయితీపరుడు. "ఈ దంపతులు నాకు పదేళ్ళుగా తెలుసు. రోజూ ఉదయం ఆరున్నరకు వీళ్ళ గొంతులు వినబడతాయి. మాకు అలారం కొనే అవసరం రాలేదు" అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

ఈ వాంగ్మూలం చూసి రోగి సహాయ విభాగం గుండె బాదుకుంది. ఆ విభాగంలో ఒక బల్లా, ఒక కుర్చీ, అందులో చిరునవ్వు నవ్వే ఒక ఉద్యోగిని, 'మీ వెంటే మేమున్నాం' అని రాసిన బ్యాడ్జీల పెట్టె ఉన్నాయి. ఉద్యోగిని మాత్రం ఎవరి వెంటా వెళ్ళదు. లేస్తే ఆ కుర్చీ పక్క విభాగం వాళ్ళు పట్టుకుపోతారు. అయినా పాపం మంచిది. దంపతులిద్దరికీ చెరో బ్యాడ్జీ పెట్టి, వారం రోజులు అనురాగ శిక్షణ ఇచ్చింది.

"టీచర్ గారూ, ఆయన మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి. సార్, మీరు ఆవిడ వంక చూసి నవ్వండి. అలా కాదు, పన్ను పీకించుకుంటున్నట్టుంది."

ఏడు రోజులూ ఆయన అద్దం ముందు నవ్వు సాధన చేశాడు. ఆవిడ పిల్లలకు ఎక్కాలు వల్లె వేయించినంత దీక్షగా తియ్యటి మాటలు వల్లె వేసింది.

మొదటి విచారణ అద్భుతంగా జరిగింది. సంఘంలో ముగ్గురున్నారు. అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. అవయవదానం మహత్తరమైనదని ఇరవై నిమిషాలు చెప్పి, రెండుసార్లు తన గొంతు తనకే గద్గదమై కళ్ళు తుడుచుకున్నాడు. రెండో సభ్యుడు కళ్ళు మూసుకుని ఆలోచిస్తాడు. ఆలోచన గాఢమైనప్పుడు గురక వస్తుంది. మూడో అతను పరిశోధకుడు. చూపుల నిడివి, మాటల తీపి, కుర్చీల మధ్య దూరం కొలిచి, దంపతుల ప్రేమకు నూటికి ఇన్ని అని మార్కులు వేసే పద్ధతి మూడేళ్ళు కష్టపడి కనిపెట్టాడు. పాసవడానికి నలభై రావాలి.

"ఈయన లేని జీవితం నేను ఊహించలేనండీ" అంది టీచరు.

"ఆవిడ చెప్పిందే నాకు వేదం" అన్నాడు గడియారాలాయన, నేర్చుకున్న నవ్వు నవ్వి.

తొంభై ఏడు మార్కులు వచ్చాయి.

పరిశోధకుడి ముఖం పాలిపోయింది. పరిశోధన చరిత్రలో తొంభై దాటిన జంటలు ఇంతవరకు రెండే. విచారిస్తే, ఆ రెండు జంటలూ ఆసుపత్రి మెట్ల మీద మొదటిసారి కలుసుకున్నవాళ్ళు. అధ్యక్షుడు ఫైలు మీద ఎర్రసిరాతో ఇలా రాశాడు: 'ఇరవై ఏడేళ్ళ కాపురం అనంతరం ఒకరు చెప్పేది మరొకరు ఆసాంతం వినుట అసహజము. దళారుల హస్తము ఉండవచ్చును. తిరస్కరించడమైనది. నెల తరవాత చివరి అవకాశం.'

ఆ నెల ఎలా గడిచిందో గడియారాలాయనకే తెలుసు. కాళ్ళు వాచాయి. పది షాపుల గడియారాలు తెచ్చి తన బల్ల మీద పెట్టినా నడిపించగలడు, ఈ ఒక్క నెలా ఎలా నడిపించాలో మాత్రం తెలియలేదు. చచ్చిపోతానేమోనని భయమేసింది. ఆ మాట భార్యతో అనలేదు. అనకపోయినా ఆవిడకు తెలుసు. అందుకే ఆ నెలంతా ఆవిడ ఒక్కసారి కూడా ఆయన్ని తిట్టలేదు. దాంతో ఆయన భయం రెట్టింపయింది.

చివరి విచారణకు ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేకపోయారు. సహాయ విభాగం మరో రెండు బ్యాడ్జీలు ఇచ్చింది. ఇద్దరూ వెళ్ళి బిగుసుకుపోయి కూర్చున్నారు. అధ్యక్షుడు మళ్ళీ ఉపన్యాసం అందుకున్నాడు. వింటున్న గడియారాలాయనకు నాలుక పిడచగట్టుకుపోయింది. బల్ల మీద అధ్యక్షుడి నీళ్ళ గ్లాసు కనబడింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. గటగటా తాగేశాడు.

"ఏమండీ!" అంది టీచరు. కిటికీ అద్దాలు అదిరాయి. "పొద్దుట్నించీ ఇది ఐదోది! ఇంట్లో రెండు, షాపులో కుళాయి దగ్గర దొంగతనంగా రెండు. నాకు తెలియదనుకున్నారా?"

"షాపులో ఒకటే తాగాను."

"లెక్కలు నాకు చెప్పకండి! డాక్టరు చెప్తే వినరు, నేను చెప్తే వినరు. ఆ గొడుగు పోగొట్టిన రోజూ ఇంతే, మా చెల్లెలి పెళ్ళికి ఆలస్యంగా తీసుకెళ్ళిన రోజూ ఇంతే!"

"పంతొమ్మిదేళ్ళయింది ఆ పెళ్ళయి! ఇంకా అదేనా? నువ్వు కిడ్నీ ఇస్తే ఇస్తావుగాని, బతికినంతకాలం రోజూ దెప్పుతావు. నాకు తెలుసు."

"దెప్పుతాను! దెప్పడానికైనా మీరుండాలిగా!"

అని, ఆవిడ చటుక్కున ఏడ్చేసింది. బడి పిల్లలెవరూ ఎన్నడూ చూడని ఏడుపు అది. ఆయన గ్లాసు కింద పెట్టి, జేబులో రుమాలు వెతికాడు. లేదు.

"అది కూడా మర్చిపోయారు" అంది ఆవిడ ఏడుస్తూనే.

ఆలోచిస్తున్న సభ్యుడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "మా ఇంటికి ఎప్పుడొచ్చాను?" అని అడిగాడు. పరిశోధకుడు మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అధ్యక్షుడు, "అసలైన దంపతులు, సందేహం లేదు!" అని మూడు ప్రతుల మీదా సంతకాలు పెట్టాడు. ఆపరేషన్ పై బుధవారానికి ఖాయమైంది.

టీచరు కళ్ళు తుడుచుకుని, ప్రతులు లెక్కపెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఒక్క సందేహమండీ. ఇస్తానన్నందుకు నలభై మూడు కాగితాలు పెట్టాను. ఇవ్వనని ఉంటే ఎన్ని పెట్టాల్సి వచ్చేది?"

అధ్యక్షుడు నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. "ఒక్కటీ అక్కర్లేదమ్మా. బతికుండగానూ అక్కర్లేదు, పోయాకా అక్కర్లేదు. ఎవరూ అడగరు."

సంఘ సభ్యులు ముగ్గురూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఇదే వెసులుబాటును వాళ్ళు తమ విషయంలో మొదటినుంచీ వాడుకుంటున్నారు. అది ఇప్పటికీ అమల్లో ఉంది. ఈ కథ చదువుతున్నవారికి కూడా వర్తిస్తుంది. వారిలో నూటికి తొంభై ఏడుగురు ఇప్పటికే వినియోగించుకుంటున్నారు గనక కొత్తగా దరఖాస్తు చేసుకోనక్కర్లేదు.