ఖాళీ పెట్టె ఇవ్వకూడదు

ఆ బుధవారం పొద్దున్న అనిత పెట్టుకున్న పని చాలా చిన్నది. కెమెరా పెట్టె కొరియరు గోపి చేతిలో పెట్టాలి, డ్రోను రప్పించుకోవాలి, శుక్రవారం మోహనకృష్ణ మావ కొత్త బోటు కళింగపట్నం ఒడ్డున సముద్రంలోకి దిగుతుంటే పైనుంచి వీడియో తీయాలి. ఆమెను నమ్మి ఒకరు పని అప్పగించడం ఇదే మొదలు. ఇది తప్పిందా, ఊళ్ళో ఏ పెళ్ళికైనా మళ్ళీ శ్రీకాకుళం నుంచే కెమెరావాళ్ళు దిగుతారు.

సామాను ఆమెది కాదు. నెలనెలా చందా కడితే విశాఖపట్నం కంపెనీ ఒకటి కెమెరాలూ, మైకులూ, డ్రోన్లూ వాడుకోవడానికి పంపుతుంది. షరతు ఒక్కటే. చేతిలో ఉన్నది క్షేమంగా తిరిగి చేరితేనే ఇంకొకటి బయలుదేరుతుంది.

ఇది ఇరుగింట్లో గిన్నె అరువు తెచ్చుకోవడం లాంటిదేనని అమ్మమ్మ గున్నమ్మకు ఇట్టే అర్థమైంది. అర్థం కావడమే కొంప ముంచింది.

“ఒసే గుంటా, పెట్టె అలాగే ఇచ్చెత్తావేటి?”

“మరెలాగిత్తాను? కెమెరా ఉన్నాది కదా అందులోన!”

“అది ఆళ్ళదే. మనదేటున్నాది?”

అనిత నవ్వేసి స్నానానికి వెళ్ళింది. అరువు గిన్నె ఖాళీగా తిరిగివ్వడం గున్నమ్మ ఇంటా వంటా లేని పని. పెట్టె తెరిచి చూస్తే స్పాంజిలో, కెమెరా పక్కనే, ఒక ఖాళీ అర. ఎంత మర్యాదస్తులో, ముందే చోటు ఉంచారని ఆమె మురిసిపోయింది. తన చేత్తో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు స్టీలు డబ్బాలో కూరి, మూత సరిగా పడకపోయినా అదిమి, ఆ అరలో ఇరికించింది. గోపి వచ్చి పెట్టె పట్టుకుపోయాడు.

గురువారం మధ్యాహ్నం కంపెనీ నుంచి అనూరాధ ఫోను చేసింది.

“మీ పెట్టె నుంచి ఘాటైన వాసన వస్తోందండీ. బ్యాటరీ గానీ లీకైందా? ఎప్పుడైనా కింద పడిందా?”

అనితకు అబద్ధం నోట రాదు. “ఒక్కసారేనండీ. ఇసుకలోనే.”

ఆ మాటతో ఆఫీసంతా రోడ్డెక్కింది. పేలుతుందేమోనని పెట్టె చుట్టూ ఇసుక బకెట్లు పెట్టారు. పక్కనున్న బ్యూటీ పార్లరులోని ఆడవాళ్ళు మొహాల మీది పూతలతోనే బయటికి పరుగెత్తారు. ఆ ఫొటో అనితకు వచ్చింది. కింద, ‘మీ సభ్యత్వం నిలిపివేయడమైనది’ అని ఉంది.

“పోయింది అమ్మమ్మా! డ్రోను రాదింక. మావకేటి సెప్పను? పెట్టె కంపు కొడతన్నాదట!”

గున్నమ్మకు రోషం వచ్చింది. “కంపేటే? మొన్న ఎండిన నెత్తళ్ళు! కంపెలాగొస్తాది?”

అనిత ఒక్క క్షణం అమ్మమ్మ మొహం చూసి, ఫోను అందుకుంది.

“మేడమ్! అది బ్యాటరీ కాదు, నెత్తళ్ళు!”

అనూరాధ హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. “నెత్తళ్ళా? అది ఏ కంపెనీ బ్యాటరీ అండీ?” అని అడిగింది.

ఎండు చేపలని అనిత ఎంత విడమరిచి చెప్పినా, మేనేజరుతో మాట్లాడి చెబుతానంది ఆమె. తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

శుక్రవారం తెల్లారింది. బోటుకు పూలదండలు కట్టారు, కొబ్బరికాయ సిద్ధమైంది. అనిత “మావా, డ్రోనూ...” అనేలోగా ఒడ్డున ఒక కారు ఆగింది. మేనేజరు నవీన్ స్వయంగా డ్రోను పెట్టెతో దిగాడు.

“కొరియరువాళ్ళు మా పెట్టెలు ముట్టుకోం అంటున్నారండీ. అందుకే నేనే తెచ్చాను,” అన్నాడు. తర్వాత కాస్త సిగ్గుపడి, “మీ నెత్తళ్ళను మా వాచ్‌మన్ వేయించి తెచ్చాడు. ఆఫీసంతా నంజుకున్నాం. అనూరాధగారైతే మారు వడ్డించుకున్నారు. మీ సభ్యత్వం అప్పుడే తిరిగి తెరిచేశాం,” అన్నాడు.

డ్రోను గాల్లోకి లేచింది. బోటు మొదటి అలను చీల్చుకుని ముందుకు దూకింది. అనిత చేతిలోని తెర మీద అది చూసి ఒడ్డంతా ఒకటే కేక. అందరికన్నా గట్టిగా అరిచింది అనితే. ఆనందంతో ఆమెకు కళ్ళు నిండిపోయాయి.

ఆ సందట్లో నవీన్, తళతళలాడేలా తోమిన స్టీలు డబ్బా గున్నమ్మ చేతికిచ్చి దణ్ణం పెట్టాడు. ఆమె మూత తీసి చూసింది. తిరగేసి అరచేతిలో తట్టి చూసింది.

“అరువులిచ్చీ యాపారమట,” అంది. “ఖాళీ డబ్బా ఇచ్చినారు.”