ఇక్కడ స్టాపు లేదు

"బాబాయిగారూ, అమ్మగారు పాసయ్యారండీ!"

ఫోన్లో డ్రైవింగ్ స్కూలు అమ్మాయి అరిచిన అరుపుకి డ్రైవరుగారి చేతిలో గ్లాసు ఉలిక్కిపడి కాఫీ సగం పేపరు మీద, సగం చొక్కా మీద పడింది.

"ఏం పాసయ్యిందమ్మా?"

"నిన్నటి లైసెన్సు టెస్టండీ! కారుతో ఎనిమిది అంకె వేసి చూపించమంటే వేసేసి, ఇంకోటి కూడా వెయ్యమంటారా అని అడిగారట. ఇన్‌స్పెక్టరుగారే చేతులెత్తి, వద్దులెండి చాలన్నారట!"

డ్రైవరుగారు ఫోను కింద పెట్టారు. చొక్కా మీద కాఫీ చల్లారిపోయింది గానీ కడుపులో మంట మొదలైంది.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. ఇద్దరిదీ ఒకే డిపో, ఒకే రూటు, ఒకే బస్సు, ఆ తర్వాత ఒకే ఇల్లు. వీధిలో అందరూ ఆయన్ని డ్రైవరుగారనీ, ఆవిణ్ణి కండక్టరమ్మ అనీ పిలుస్తారు. అసలు పేర్లు కరెంటు బిల్లు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేవు.

పెళ్లాం పాసైతే మొగుడికి మంటెందుకు అంటారా? దానికో కథుంది.

వానలు మొదలైన రోజుల్లో కంటి డాక్టరు ఆయన్ని పరీక్ష చేసి, "రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. ముందు కుడికన్ను ఆపరేషను చేసేద్దాం," అంది. ఆ మాట పూర్తయ్యేలోపే డ్రైవరుగారు చెప్పుల్లో కాళ్లు పెట్టేశారు. బ్రేకు ఫెయిలైన బస్సుని మట్టి దిబ్బకి గుద్ది ఆపిన మనిషే, కంటి దగ్గరికి కత్తి వస్తుందంటే మాత్రం పసిపిల్లాడైపోతారు.

ఇంటికొచ్చాక ఆ భయం బయటపడకుండా పెద్దరికంగా ఒక ప్రశ్న వేశారు.

"ఆపరేషనైతే కొన్నాళ్లు కారు తోలకూడదట. మరి కూరలెవరు తెస్తారు? నిన్ను మీ చెల్లెలింటికి ఎవరు దింపుతారు? మనింట్లో ఇంకో డ్రైవరున్నాడా?"

కండక్టరమ్మ మర్నాడే వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

ఆయన మొదట బెదిరినా తర్వాత ధైర్యం తెచ్చుకున్నారు. సర్వీసంతా వెనక డోరు దగ్గర నిలబడ్డ మనిషి ముందు సీట్లో కూర్చుని ఏం పాసవుతుందిలే, అని ఇన్ని నెలలూ హాయిగా కాలక్షేపం చేశారు. ఇదిగో, ఇవాళ ఇంట్లో ఇంకో డ్రైవరు పుట్టేసింది.

కండక్టరమ్మ మేడ మీద ఎండలో ఆరేసిన దుప్పట్లు చంకనేసుకుని దిగింది. వానలు వెనకపట్టు పట్టి ఎండ మెత్తబడింది కదా, ఇంట్లో ఉన్న బట్టా పాతా అంతా మేడ మీదే ఉంది. వార్త వినగానే ఆవిడ దుప్పటితో సహా గిర్రున ఒక చుట్టు తిరిగింది.

"చూశారా! నేనూ డ్రైవర్నే!"

"ఊఁ. బాగుంది. సంతోషం."

"ఆ మొహమేంటి, టికెట్ కొననివాడిలాగా?"

"ఇది నా మామూలు మొహమే."

"సాయంత్రం కూరలకి వెళ్దాం. నేను తోలతాను, మీరు పక్కన కూర్చోండి."

"ఇవాళే ఎందుకు? కాస్త చల్లబడనీ."

"ఏది చల్లబడాలి? ఇంజనా, మీరా?"

ఆ మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే డ్రైవరుగారు ఎదురింటి టైలరు దగ్గరికి పరిగెత్తారు. ఈ టైలరుకి పిల్లిగడ్డం, మెడలో టేపు. నిద్రలో కూడా టేపు తియ్యడని వాళ్లావిడ ఫిర్యాదు.

"బావా, కొంప మునిగింది. మీ చెల్లెమ్మ పాసైపోయింది."

"మంచిదేగా! ఇంక నువ్వు పక్కన కూర్చుని పల్లీలు నవులుకోవచ్చు."

"పల్లీలు కాదు, ఆ వంకతో నా కన్ను కోయిస్తుంది. అందుకని ఒక ఉపాయం ఆలోచించా. స్టార్టరు వైరు పీకేస్తా. బండి కదలదు. బండి కదలకపోతే ఆవిడ హుషారు చల్లారుతుంది. హుషారు చల్లారితే ఆపరేషను వెనక్కి పోతుంది."

"ఎంత వెనక్కి?"

"నేను పోయేదాకా."

టైలరు గడ్డం గోక్కున్నాడు. "చెల్లెమ్మకి తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది? నువ్వు చెప్తే తప్ప!"

"నేనెందుకు చెప్తాను? నాకసలు ఆవిడంటే ఇప్పటికీ భయం. ఒకసారి నన్ను చిల్లర లేదని నడిరోడ్డు మీద దింపేసింది."

ఇద్దరూ దొంగల్లా వెళ్లి కారు బానెట్ ఎత్తారు. పక్కచెట్టు రాల్చిన పసుపు ఆకులు ఇంజను మీద కూడా పరుచుకుని ఉన్నాయి. డ్రైవరుగారు వంగి చూశారు. లోపల వైర్లన్నీ పొగమంచులో నిలబడ్డ కవలపిల్లల్లా కనిపించాయి.

"బావా, ఇందులో స్టార్టరుదేది?"

"నన్నడుగుతావేం? నాకు తెలిసిన స్టార్టరు కుట్టు మిషను పెడలే."

"సరే, ఇదే అయ్యుంటుంది. నా చేతులకి తెలుసు."

చేతులకి తెలిసిన వైరుని పుటుక్కున పీకి, బానెట్ దించి, ఇంటికొచ్చి, ఆయన కూడా ఒక కునుకు తీశారు. పాపం, ఆ రోజుకి అదే ఆఖరి సుఖం.

సాయంత్రం కండక్టరమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరిపింది, అద్దం సర్దింది, ఆ అద్దంలోనే బొట్టు కూడా సర్దుకుంది. పక్కసీట్లో డ్రైవరుగారు కూరల సంచీ ఒళ్లో పెట్టుకుని, బండి స్టార్టు కానప్పుడు చెప్పాల్సిన ఓదార్పు మాటలు మనసులో వల్లె వేసుకుంటున్నారు.

తాళం తిప్పింది.

బుర్రుమంటూ స్టార్టయింది! వల్లె వేసినవన్నీ వృథా అయ్యాయి.

అయితే బండి కదల్లేదు.

"ఏం, పోనియ్యవే?" అన్నారాయన, మళ్లీ ఆశ పుట్టి.

"మీరు రైట్ చెప్పందే ఎలా పోనిస్తాను?"

అదీ నిజమే. ఆవిడ వెనకనుంచి 'రైట్ రైట్' అనందే సర్వీసంతా ఆయన బస్సు అంగుళం కదిపి ఎరగరు. పెళ్లిపీటల మీదనుంచి లేవటానిక్కూడా ఆవిడ నోటివంక చూశారని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ మాట తన నోట పలకాల్సొచ్చింది.

"రైట్," అన్నారు, వేపాకు నమిలినట్టు.

బండి చక్కగా కదిలింది. వీధి చివర ఒక సైకిలు అడ్డం వచ్చింది. ఆవిడ హారన్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. లేదు.

చేతులకి తెలిసిన వైరు ఏదో అప్పుడర్థమైంది డ్రైవరుగారికి.

"హారన్‌కి ఏమైందండీ?"

"వాతావరణం మారింది కదా. గొంతు పట్టేసుంటుంది."

"అలాగా!"

"వెనక్కి తిప్పేసెయ్. హారన్ లేకుండా తోలటం తప్పు. నా సర్వీసులో ఏనాడూ తోలలేదు."

"హారన్ లేకపోతేనేం? మీరున్నారుగా. కానివ్వండి!"

ఇంకేం చేస్తారు? అద్దం దించి, తలకాయ బయటపెట్టి, "బాబూ సైకిలూ! పక్కకి! అమ్మా, గొడుగమ్మా! ఓ బండరాయీ, జరుగు!" అని అరవటం మొదలుపెట్టారు.

"అది రాయేనండీ. జరగదు," అంది ఆవిడ, నెమ్మదిగా స్టీరింగ్ తిప్పుతూ.

అరుపుల హడావుడిలో మలుపులు ఎటు తిరిగాయో ఆయన చూసుకోలేదు. ఇంతలో బస్టాపు వచ్చింది. బస్టాపు కనబడితే ఆపకుండా పోవటం కండక్టరమ్మ జన్మలో లేదు. ఆపేసింది. బండి ఆగితే ఊరుకోవటం డ్రైవరుగారి నోటికీ రాలేదు. అన్నేళ్లు వెనకనుంచి విన్నదే బయటికొచ్చింది.

"దిగేవాళ్లు దిగండి! ఎక్కేవాళ్లు త్వరగా ఎక్కండి!"

స్టాపులో నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి వంగింది.

"కంటాసుపత్రి మీదుగా పోతుందా నాయనా?"

"పోదమ్మా, ఇది కూరల మార్కె..."

"అక్కడికే పోతోంది పిన్నిగారూ, ఎక్కండి," అంది కండక్టరమ్మ.

పెద్దావిడ దర్జాగా వెనక సీట్లో కూర్చుంది. డ్రైవరుగారి తలకాయ తాబేలు తలలా లోపలికొచ్చింది.

"ఎక్కడికి?"

"విన్నారుగా."

"కూరలన్నావు!"

"వచ్చేటప్పుడు కొందాం."

"నేను దిగిపోతాను. ఆపు."

"ఇక్కడ స్టాపు లేదండీ."

"ఇప్పుడు ఆగే ఉన్నావు కదే!"

"ఇది ఎక్కే స్టాపు. దిగే స్టాపు ముందుంది."

"ఏమోయ్, నేను నీ మొగుణ్ణి!"

"ఎవరైనా సరే, బండిలో గొడవ చెయ్యకూడదు. రైట్ చెప్పండి."

"చెప్పను."

"రైట్ రైట్!" అంది వెనకనుంచి పెద్దావిడ. బండి కదిలింది.

దారి పొడుగునా పెద్దావిడ ఆయన భుజం తడుతూనే ఉంది. "ఇంత మనిషివి, దేనికి నాయనా భయం? నాకు పోయిన వారమే చేశారు. చీమ కుట్టినంత కూడా లేదు. ఒకటే కష్టం, మా ఆయన మొహం మీద అన్ని ముడతలున్నాయని ఆపరేషనయ్యాకే తెలిసింది."

డ్రైవరుగారు నవ్వకూడదని గట్టిగా అనుకున్నారు. కానీ మీసం మాట వినలేదు.

ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు ఆయన నెమ్మదిగా అడిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"వైరు సంగతా? బానెట్ సరిగ్గా పడలేదు, పైగా మీ బావగారు కిటికీలోంచి గడ్డం బయటపెట్టి మనం బయల్దేరేదాకా మనల్నే చూస్తూ ఉన్నారు. పొద్దున పాసయ్యానని తెలియగానే నేను ఇక్కడికి ఫోను చేసేశా. మిమ్మల్ని రేపో ఎల్లుండో తీసుకొద్దామనుకున్నా. మీరు స్టార్టరనుకుని హారన్ వైరు పీకేసరికి ఇంక ఆగబుద్ధి కాలేదు. మొన్నేమో పోస్టరు మీద పోలీసుకి బండాపి దారిచ్చారు."

"వాడు నిజం పోలీసులాగే ఉన్నాడు."

ఆవిడ నవ్వలేదు. పైటకొంగుతో ఆయన కళ్లద్దాలు తుడిచి చేతికిచ్చింది.

"అన్నేళ్లు మీ వెనక నిలబడ్డాను. ఒక్కరోజు కూడా ముందు రోడ్డెలా ఉందో చూసుకోలేదు. మీరు చూస్తున్నారులే అని టికెట్లు కొట్టుకున్నాను. ఇప్పుడు మీ పక్కన కూర్చుంటే రోడ్డంతా నేనే చూడాల్సొస్తోందండీ. నాకు భయమేస్తోంది."

డ్రైవరుగారు కూరల సంచీని నాలుగు మడతలు పెట్టారు, విప్పారు, మళ్లీ పెట్టారు. లోపలినుంచి పిలవగానే, ఆవిడ లేపకముందే లేచారు.

డాక్టరమ్మ కంట్లో దీపం వేసి చూసి, "ఇంక ఆలస్యం వద్దు, రేపు పొద్దున చేసేద్దాం," అంది. ఆయన తలూపారు. అయినా చెప్పుల కోసం కాళ్లు ఒకసారి నేలంతా వెతికాయి. అది కండక్టరమ్మ కంట పడనే పడింది.

బయటికొస్తూ టైలరుకి ఫోను కలిపింది. అవతలి గొంతు వణకటం ఇవతలికి కూడా వినిపించింది. తర్వాత పెద్దావిడతో రెండు ముక్కలు మాట్లాడి, మొగుడివైపు తిరిగింది.

"రేపు పొద్దున్నే బయల్దేరదాం. నేను తోలతాను. మీరు వెనక సీట్లో మధ్యలో కూర్చుంటారు."

"మధ్యలో ఎందుకూ? ఇరుకు కదా!"

"ఒక డోరు దగ్గర ఈ పిన్నిగారు, రెండో డోరు దగ్గర మీ బావగారు," అంది కండక్టరమ్మ. "ఇద్దరికీ చెప్పేశాను, ఆసుపత్రి వచ్చేదాకా ఎవరినీ దిగనివ్వద్దని."