పేరుగాంచిన సంస్థకు మేనేజర్ కావలెను

ఆ రోజు పొద్దున గార్లదిన్నెలో బస్సెక్కేటప్పుడు వీరేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం యజమాని ఓబుళేసు కునుకు తీసే వేళ చూసుకుని, ఫోన్‌లో ఇంకో నాలుగు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాలి. అంతే. అనంతపురంలో ఓబుళేసు డ్రిప్ పైపుల అంగడికి అతను ఐదేళ్లుగా మేనేజరు. ఏడాదిగా ఆన్‌లైన్‌లో కనబడిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. ఎక్కడి నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొన్న మాత్రం "అనంతపురంలోని పేరుగాంచిన వ్యవసాయ పరికరాల సంస్థకు మేనేజర్ కావలెను" అన్న ప్రకటన చూసి మనసు పెట్టి రాశాడు. సంస్థ పేరు వేయలేదు. ఉన్న ఉద్యోగం ఎందుకు మానుతున్నారన్న ప్రశ్న దగ్గరైతే ఐదేళ్ల కడుపుమంటంతా వెళ్లగక్కాడు.

అంగడికి చేరేసరికి ఓబుళేసు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద, పామిడి దగ్గర చీనీతోట (బత్తాయి తోట) ఉన్న తిప్పమ్మ పైపుల కోసం వచ్చి ఉంది.

"రా వీరేషూ, మంచి టయానికి వచ్చినావు. మా చౌడేశ్వరి బెంగళూరు నుంచి ఏందో పంపినాది. అద్దాలు ఇంట్లో మర్చిపోయినా. రోంత సదువు," అంటూ ఓబుళేసు ఫోన్ చేతికిచ్చాడు. చౌడేశ్వరి ఆయన కూతురు.

"ఏందన్నా ఇది?"

"అంగడికి మేనేజరు కావాలని ఆన్‌లైన్‌లో ఏసినాది. వచ్చినవాటిలో మంచివి నాలుగు ఏరి పంపినాదంట."

తెర మీద పైనే వీరేష్ మొన్న చూసిన ప్రకటన ఉంది. పేరుగాంచిన సంస్థ అంటే, బోర్డు మీద సగం అక్షరాలు ఎండకు ఎగిరిపోయిన ఈ అంగడేనా? పైగా తనుండగా ఇంకో మేనేజరు ఎందుకు? తీసేస్తున్నారన్నమాట! మూడు దరఖాస్తులు చదివాడు. మొదటిది కదిరి పిల్లోడిది. నాలుగోది తనదే. వేలితో తోసేసి, "అంతేనన్నా," అన్నాడు.

"యాడంతే? నాలుగోది తప్పకుండా సదివించుకోమని చౌడి మరీ మరీ చెప్పినాది."

తప్పలేదు. "ఇతను ఐదేళ్లుగా అంగడంతా ఒక్కడే నడుపుతాండాడంట..."

"ఒక్కడేనా! పాపం. మరి ఆ సావుకారి ఏం చేస్తాడంట?"

"నిద్రపోతాడంటన్నా."

తిప్పమ్మ పడీ పడీ నవ్వింది. "అట్లాంటోళ్లు గూడా ఉండారా యప్పా!"

"ఇంకేం రాసినాడు?"

"లెక్కలు రావంట. ఎవరేం చెప్పినా నమ్ముతాడంట."

ఓబుళేసు నొచ్చుకున్నాడు. "ఎట్లాంటోని కింద పడినాడో పిల్లోడు. మనమే తీసుకుందాం. పేరేంది?"

"గిరి," అన్నాడు వీరేష్, నోటికొచ్చిన పేరు.

"ఏ ఊరు?"

"కదిరి."

"ఫోన్ చెయ్యి, మాట్లాడతా."

"స్విచాఫ్ వస్తాందన్నా."

"చెయ్యకముందే యట్ల తెలిసెనప్పా?" అంది తిప్పమ్మ.

ఓబుళేసు ఫోన్ తీసుకుని, దరఖాస్తు కింద నీలంగా మెరుస్తున్న ఫోన్ నంబరు మీద తనే బొటనవేలు నొక్కాడు. వీరేష్ చొక్కా జేబు గొంతెత్తి మోగింది. అతను జేబును అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. అది ఇంకా మోగింది.

"నీ జేబులో గిరి మోగుతాండాడు, సూడప్పా," అంది తిప్పమ్మ.

ఓబుళేసు ఫోన్‌ను చేయి చాపినంత దూరం పెట్టి, కళ్లు చికిలించి చూశాడు. తెర మీద వీరేష్ ఫోటో ఉంది. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

"సుగరు మాత్రలు ఏసుకుంటే కండ్లు మూసకపోతాయిరా," అన్నాడు మెల్లగా. "నీతో చెప్పలేదు గదా, నీకేం తెలుసు. నమ్ముతానన్నది మాత్రం నిజమే. ఇప్పుడే గిరిని నమ్మితి."

వీరేష్ తలెత్తలేకపోయాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడే తిప్పమ్మ కూడా తల తిప్పుకుని పైపుల చుట్టల వైపు చూస్తూ కూర్చుంది. ఆ జాలి, ఆమె ఇందాకటి నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

"తప్పయిపోయిందన్నా. ఈ పొద్దే మానేసి పోతా."

"యాడికి పోతావు? కదిరిలో కొత్త అంగడి పెడతాండాం. దానికి నిన్ను పెద్ద మేనేజరుగా పంపి, ఈడ నీ జాగాలోకి మనిషిని తీసుకుందామని ఏసినాం ఆ ప్రకటన."

వీరేష్ గబుక్కున తలెత్తాడు. "అయితే... నేను కదిరికి పోతానన్నా."

"అదెట్లయితాది? నువ్వు దరఖాస్తు పెట్టింది ఈడికి గదా. నలుగురిలోనూ ఈ అంగడి సంగతి తెలిసినోడివి నువ్వే. నీకే ఇస్తాండా. ఆ మొదటి పిల్లోడిది కదిరే అంటివి గదా, వాణ్ని ఆడికి పంపుదాం."

సాయంత్రం వీరేష్ ఫోన్‌కు, ఏడాదిలో మొదటిసారి, ఒక జవాబు వచ్చింది: అభినందనలు, మీరు ఎంపికయ్యారు. మరునాటి పొద్దున, ఐదేళ్లుగా కూర్చుంటున్న కుర్చీలోనే, వీరేష్ ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరాడు.