ఎర్ర ఇటుక ముక్క, నల్ల గులకరాయి

ఆ ఉదయం ఖతునా అనుకున్న పనులు చాలా తక్కువ. మామగారి తల్లి, దారికో అనే అవ్వ మంచం పట్టి ఉంది; ఆమె పరుపు ఎండలో వేయాలి, రొట్టెలు కాల్చాలి, తన పిల్లాడు బచానాను బానల గదిలోకి పోనివ్వకూడదు. మధ్యాహ్నం పట్నం నుంచి లేరీ అనే ఆయన వైన్ రుచి చూడటానికి వస్తున్నాడు. నచ్చితే కొంటాడు. నచ్చకపోతే సోమవారం ట్రాక్టరు వచ్చి ద్రాక్షతోటను పెకలిస్తుంది, ఆ నేలలో అక్రోటు మొక్కలు లేస్తాయి.

నిరుడు వడగళ్ళు తోటను చావగొట్టి పోయాయి. అప్పటి నుంచి మామగారు వాజా ఎవరింటికి పరామర్శకు వెళ్ళినా, పోయినవాడికన్నా తనే ఎక్కువ పోయినట్టు కూర్చునేవాడు. నేలలో పాతిన బానల్లో ఆ ఏడు నిండినవి రెండే. చలికాలం దాటాక మూతలు తీసి చూస్తే ఒకటి బంగారంలా ఉంది, దాని పక్కది పులిసి వెనిగర్ అయిపోయింది. వాజాకు కుడి ఎడమలు జన్మలో గుర్తుండవు. అందుకని మూతల మీద మెత్తిన బంకమన్నుపై గుర్తులు పెట్టాడు. మంచిదానికి ఎర్ర ఇటుక ముక్క, పులిసినదానికి నల్ల గులకరాయి.

ఖతునాకు ఆ బానలంటేనే వణుకు. నేలకు సమంగా నోళ్ళు తెరుచుకుని, మనిషి నిలువునా పట్టేంత లోతుంటాయి. ఆమెకు కలలోనూ అవే నోళ్ళు. పిండి కలుపుతూ ఒక్కసారి తల తిప్పి చూసేసరికి బచానా లేడు. పరుగెత్తి వెళితే బానల గదిలో కూర్చుని ఉన్నాడు, ఒక బుగ్గ ఉబ్బి.

"ఏంట్రా అది? తెరువు! నోరు తెరువురా నా బంగారం!"

నల్లరాయి బయటపడింది. ఎర్ర ముక్క వాడి పిడికిట్లో ఉంది. పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని కాసేపు ఏడ్చాక గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. ఏది దేనిమీదిది?

మామగారిని అడుగుదామని బయటికి వచ్చింది. వడగళ్ళ తర్వాత మొదటిసారి ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో తనను తాను చూసి కొంచెం నవ్వాడు కూడా. ఆ నవ్వు చెరపడానికి ఖతునాకు మనసొప్పలేదు. వెనక్కి వెళ్ళి, గుమ్మం వైపు బాన మీద ఎర్ర ముక్క ఉండేదని లీలగా గుర్తు చేసుకుని, అక్కడ పెట్టి, శిలువ వేసుకుంది.

లేరీ వచ్చాడు. జున్ను, పచ్చి ఆకులు, అక్రోటు ముద్ద కూరిన వంకాయలు బల్ల మీదికి చేరాయి.

"తోటకు మందులేం కొట్టారు?" అన్నాడు లేరీ, వంకాయ నముల్తూ.

"గంధకం కొట్టాం. తర్వాత దేవుడు వడగళ్ళు కొట్టాడు," అన్నాడు వాజా.

ఖతునా భర్త ముర్మాన్ కూజా నింపుకుని వచ్చాడు. వాడికి వారం నుంచి జలుబు, వాసనల సంగతి తెలియదు. వాజా గ్లాసు గుండెకు ఆనించుకుని లేచాడు. మామూలుగా ముందు శాంతి కోసం తాగుతారు. కానీ ఆయన ఆ ఏడు ఏది మొదలుపెట్టినా చచ్చినవాళ్ళతోనే మొదలుపెడుతున్నాడు.

"ఈ తోట నాటిన మా నాన్న పేరున. ఆయనతో పాటు మట్టిలో ఉన్న మన వాళ్ళందరి పేరున. అడుగు కనిపించేదాకా!"

పోయినవాళ్ళ పేరున ఎత్తిన గ్లాసును మధ్యలో దించడమంటే వాళ్ళ సమాధి మీద ఉమ్మినట్టే. ముగ్గురు మగాళ్ళూ గుక్క తిప్పకుండా తాగారు. ముగ్గురి కళ్ళలోంచీ నీళ్ళు ధారగా కారాయి.

తన వైన్ పులిసిందని అతిథి ముందు ఒప్పుకోవడానికి వాజాకు నోరు రాలేదు. గొంతు మండుతోందని ఇంటాయనతో చెప్పడానికి లేరీకి మర్యాద అడ్డొచ్చింది.

"మీ నాన్నగారు... చాలా గాఢమైన మనిషి అనుకుంటాను," అన్నాడు లేరీ ముక్కు తుడుచుకుంటూ.

ఏం చేయాలో తోచక వాజా రెండోసారి నింపాడు. "ఇది మా అన్న పేరున!" మూడోసారికి ముగ్గురూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వెక్కుతున్నారు. తలుపు చాటున ఖతునా వాళ్ళను మించి ఏడుస్తోంది.

పక్కింటి త్సియాలా కంచె మీదుగా తొంగి చూసింది. మగాళ్ళు కుమిలి ఏడుస్తున్నారు. కంచె మీద దారికో అవ్వ పరుపు. వరండాలో ఆమె మంచం ఖాళీ. ఇంక అడగడానికేముంది? త్సియాలా తలకు నల్లగుడ్డ కట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

కాసేపటికి మగాళ్ళు టోపీలు తీసి వాకిట్లో వరసగా నిలబడ్డారు. త్సియాలా చావింటి అన్నం గుండిగతో సహా మోసుకొచ్చింది. ఊరు ఊరంతా వచ్చిందంటే ఎవరో పోయారని వాజాకు అర్థమైంది, ఎవరో అడగడానికి ధైర్యం చాలలేదు. తలవంచుకున్నాడు. లేరీ కూడా లేచి తలవంచుకున్నాడు.

"ఎంత మంచి మనిషి! ఒక్కరినైనా ఒక్క మాటన్నదా!" అంటూ త్సియాలా శోకం తీసింది.

"అన్నానే, నిన్నే అన్నాను!" అంటూ బానల గదిలోంచి దారికో అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చంకలో కూజా. "అన్నం మాడిన వాసనేంటే త్సియాలా? నా చావుకైనా సరిగ్గా వండవా?"

ఒకావిడ మూర్ఛపోయింది. వాజా నోరు తెరిచాడు. "అమ్మా! నువ్వు నడవలేవు కదా!"

"మీరు చూస్తుండగా నడవలేను."

ఖతునా ఆమె కాళ్ళ మీద పడింది. "తప్పు నాదే అవ్వా! బాబు రాళ్ళు తీసేశాడు. నేను తారుమారుగా పెట్టాను. తోట నా వల్లే పోతోంది!"

"లే, పిచ్చిదానా. నువ్వు ఉన్నవి ఉన్నట్టే పెట్టావు. వాటిని ముందే మార్చింది నేను, మీరంతా గుడికి పోయిన రోజున. మంచిది అమ్ముకుని నా చావుకు పులిసినది పోస్తారని నాకు తెలియదూ? ఘాటు ముక్కుకు తగిలి, నా బాన జోలికెవరైనా పోయారేమోనని చూడబోయాను." అవ్వ వాకిలంతా కలయజూసింది. "సరే, ఎలాగూ వచ్చారు కదా. పొయ్యండి. నా గురించి ఎవరెవరు అబద్ధాలాడారో విన్నాను, ఇక చాలు."

బంగారు రంగు వైన్ గ్లాసుల్లోకి దిగింది. లేరీ ఒక గుటక మింగి గ్లాసును వెలుగుకు ఎత్తి చూశాడు. ఈసారి కన్నీళ్ళు నిజమైనవే.

"బానెడూ నాకే. వచ్చే ఏటిదీ నాకే. ఆ ట్రాక్టరును రావద్దని చెప్పండి."

వాజా తల్లిని కావలించుకున్నాడు. ఆవిడ మాత్రం కూజా అడుగున మిగిలిన చుక్కను దిగులుగా చూసింది.

"మరి నాకో? ఇంకో మంచి బాన నిండేదాకా నేను చావను. తర్వాత నన్ననకండి," అని ఊరందరి ముందు చెప్పేసి, పరుపు తెప్పించుకుని మంచమెక్కింది.

ఆ ఏడూ వడగళ్ళు పడ్డాయి. అవ్వ చావు మరో ఏడాదికి వాయిదా పడింది.