నాలుగు వేళ్ళ నీళ్ళు

పొద్దున్న ఏడింటికి నర్సమ్మ వేసుకున్న లెక్క తేలికైనదే. ఎనిమిదింటికల్లా యూనిఫాం ఉతకాలి, తొమ్మిదింటికి ఇస్త్రీ చేయాలి, పదింటికి హెడ్ నర్సు ఇంటర్వ్యూలో కూర్చోవాలి. ఉన్నవి రెండు జతలు. ఒకటి మోచేతి దగ్గర చిరిగింది. రెండోదాని మీద నిన్న ఒక పేషెంటు టానిక్ ఒలకబోశాడు. అదిప్పుడు వాషింగ్ మిషన్‌లో ఉంది. మిషన్‌లో నీళ్ళు మాత్రం నాలుగు వేళ్ళకు మించి ఎక్కడం లేదు. నిండితే గానీ అది తిరగదు.

"పోనీ, బకెట్లో ఉతికేసుకుంటానండీ," అందామె.

"అదిగో! ఇలా సర్దుకుపోబట్టే మన బతుకులిలా ఏడ్చాయి," అన్నాడు భర్త. ఆయన ఫ్యాక్టరీలో యూనియన్ సెక్రటరీ. లోకంలో ఏ కొరతకైనా ఆయనకు తెలిసిన కారణం ఒక్కటే: ఎవడో మన వాటా నొక్కేస్తున్నాడు. "నువ్వు కూర్చో. దీని సంగతి నేను తేలుస్తా."

కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్ళొచ్చే పైపు విప్పి, లోపలి జల్లెడను టూత్‌బ్రష్‌తో బరబరా రుద్దాడు. బ్రష్ ఆయన అత్తగారిది. మళ్ళీ బిగించాడు. నీళ్ళు భళ్ళున దూకాయి. పావుగంట ఆగి మూత ఎత్తితే అవే నాలుగు వేళ్ళు.

"అల్లుడూ, వెనక కాలవలో నీళ్ళు పోతున్నాయి నాయనా," అంది అత్తగారు, బ్రష్ కోసం వెతుక్కుంటూ.

"అవి పైవాళ్ళవి అత్తయ్యా! మనకు తడవడానికి లేవు, వాళ్ళకు పారబోసేంత ఉన్నాయి. చూశారా అన్యాయం?"

మేడెక్కాడు. ట్యాంకు నుంచి పైపులు రెండు దిగుతున్నాయి, కింది వాటాకొకటి, పై వాటాకొకటి. పై వాటా వాల్వు మొండికేస్తే రెండు చేతులా బిగించాడు. అది మూసుకుంది, పిడి విరిగి చేతికొచ్చింది. దాన్ని జెండాలా పట్టుకుని పెరట్లోకి దిగాడు.

వెనకే పై వాటా సంగీతం మేష్టారు దిగారు. నడుముకు తువ్వాలు, నెత్తిన నురగ, రెండు కళ్ళూ మూసుకుని, గోడ తడుముకుంటూ.

"ఏమయ్యా సెక్రటరీ! తలకు సబ్బు పెట్టానో లేదో నీళ్ళు కట్టేస్తావా? కళ్ళు మండిపోతున్నాయి!"

"మండాలండీ! మండితేనే మా బాధ తెలుస్తుంది. మా ఆవిడ ఉద్యోగం కాలవలో పోస్తున్నారు మీరు!"

"ముందు ఆ పిడి ఇటియ్యి."

"ఇవ్వను! హామీ ఇస్తేనే ఇస్తా."

తొమ్మిది కావస్తోంది. ఇక లాభం లేదని నర్సమ్మ స్నానాలగదిలో బకెట్ నింపుకుని, మిషన్‌లోని యూనిఫాం కోసం పెరట్లోకి వస్తోంది. కానీ నర్సు కదా, కళ్ళు మండుతున్న మనిషి ఎదురుపడితే దాటిపోలేకపోయింది. బకెట్ మొత్తం మేష్టారి నెత్తిన కుమ్మరించింది.

కళ్ళు తెరవగానే మేష్టారికి కాలవ కనబడింది.

"నా నీళ్ళు కట్టేశావుగా. మరి అక్కడ పారుతున్నవి ఎవరి నీళ్ళయ్యా?"

ముగ్గురూ కాలవ వెంట నడిచి తమ మిషన్ వెనకే తేలారు. వాడిన నీళ్ళు బయటికి పంపే గొట్టం నేల మీద పడుకుని, వచ్చినవి వచ్చినట్టే తూములోకి వదిలేస్తోంది.

"దీన్ని ఎత్తుగా మేకుకు కట్టాం కదే అమ్మా! ఆ తాడేదీ?" అంది నర్సమ్మ.

అత్తగారు వీధి గేటు వైపు చెయ్యి చూపించింది. అక్కడ, నిన్న అల్లుడు కట్టిన బ్యానరు రెపరెపలాడుతోంది: 'మా వాటా మాకు కావాలి!'

తాడు ఆవిడే లాగింది. బ్యానరు గేటు దగ్గర కూలింది. గొట్టం మేకెక్కింది. పది నిమిషాల్లో మిషన్ నిండి, గిర్రున తిరిగింది. నర్సమ్మ సగం తడి కాలరుతోనే పరుగెత్తింది.

సాయంత్రం ఆమె హెడ్ నర్సై తిరిగొచ్చేసరికి సెక్రటరీ, పిడి విరిగిన వాల్వు తెరుచుకోక, పై వాటాకు పదకొండో బకెట్ మోస్తున్నాడు. మెట్ల దగ్గర అత్తగారు కొత్త టూత్‌బ్రష్ కావాలని డిమాండు పెట్టింది. చర్చలు లేకుండానే ఒప్పుకున్నాడు.