పుస్తకాల షెల్ఫులో పెట్టకూడని స్పీకర్లు

ఒక ఇంట్లో పాట వినపడాలంటే ఆ ఇంట్లోవాళ్ళకు చెవులుంటే చాలునన్న మూఢనమ్మకం నుంచి నాగరిక సమాజం బయటపడి చాలాకాలమైంది. చెవులదేముంది, పిల్లికీ ఉంటాయి. వినడానికి కావలసింది అర్హత. ఆ అర్హతను తేల్చడానికి కావలసింది ఒక వ్యవస్థ. ఆ వ్యవస్థకు కావలసింది నాలాంటి విధేయుడు. (నేను బీమా కంపెనీలో క్లెయిములకు అభ్యంతరాలు రాసే ఉద్యోగం చేస్తాను. ఎక్కడైనా నియమం కనపడితే నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.)

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. లోపల గదిలో డ్రిల్లు గీమంటూ ఉంటుంది, దానికి వంతగా పేషెంటు ఆఁ అంటూ ఉంటాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాపం తల దిమ్మెక్కిపోయి ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం హ్యాండుబ్యాగు బల్లమీద పడేసి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"ఏవండీ, రోజూ ఈ వేళకి మనిద్దరం టీ తాగుతూ, పక్కపక్కన కూచుని, ఏవో కబుర్లు చెప్పుకుంటూ నాలుగు పాటలు వినాలని ఉందండీ. అంతే. ఇంకేమీ అడగను."

నాకు గుండె కరిగిపోయింది. పెళ్ళయ్యాక ఆవిడ 'ఇంకేమీ అడగను' అన్నది అదే మొదటిసారి. మర్నాడు సెలవు పెట్టించి మరీ ఆవిడను హై-ఫై షాపుకు తీసుకెళ్ళాను.

ఆ షాపులో అమ్మేవాళ్ళెవరూ ఉండరు. శబ్ద సలహాదారులుంటారు. మాకు కేటాయించిన సలహాదారు మెత్తటి బూట్లతో అలికిడి లేకుండా వచ్చి, సంతాపసభలో మాట్లాడినంత నెమ్మదిగా మాట్లాడాడు.

"ఏం వింటారు సార్?"

"పాటలండీ."

"అది కాదు సార్. పాటలో ఏం వింటారు?"

నేను మా ఆవిడ వంక చూశాను. "పాటే వింటాం," అంది ఆవిడ.

సలహాదారు కళ్ళు మూసుకుని, ఆ సమాధానాన్ని మనసులోనే క్షమించి, మమ్మల్ని శ్రవణ పరీక్షా మందిరంలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒకే పాటను మూడు రకాల స్పీకర్లలో వినిపిస్తారు. తేడా చెప్పాలి. 'బాగుంది' అన్న మాట వాడకూడదు. (గోడమీద బోర్డు కూడా ఉంది. 'బాగుంది' మీద ఎర్రగీత కొట్టి ఉంది.)

పాట అయ్యాక నాకు చెమటలు పట్టాయి. మూడూ నాకు ఒక్కలాగే వినిపించాయి, పైగా మూడూ బాగున్నాయి. మా ఆవిడ మాత్రం కాలుమీద కాలు వేసుకుని తడుముకోకుండా చెప్పింది.

"మొదటిదాంట్లో పాడే ఆవిడ హాయిగా తలంటు పోసుకుని వచ్చింది. రెండోదాంట్లో జలుబు చేసింది. మూడోదాంట్లో ఆవిడకి పాడ్డం ఇష్టం లేదు, ఎవరో బలవంతపెట్టారు."

సలహాదారు లేచి నిలబడ్డాడు. మా ఆవిడను అక్కడికక్కడే 'సహజ శ్రోత'గా నమోదు చేసి, నా వైపు తిరిగి, "మీరు సార్?" అన్నాడు.

"నాకూ జలుబే అనిపించిందండీ," అన్నాను.

నన్ను 'శిక్షణార్థి'గా నమోదు చేశారు. ఈ హోదాలో ఉన్నవారు సౌండు గుండీ తిప్పవచ్చును గానీ, ఆ తర్వాత వచ్చిన సౌండుమీద అభిప్రాయం చెప్పరాదు.

మా ఆవిడ ఎంచుకున్నవి బుల్లి స్పీకర్లు. రొట్టె డబ్బా అంత ఉన్నాయి, ముచ్చటగా. "ఇవి చాలండీ. హాల్లో పుస్తకాల పక్కన ఒదిగిపోతాయి," అంది.

సలహాదారు ముఖం పాలిపోయింది. "అమ్మా, వీటిని పుస్తకాల షెల్ఫు స్పీకర్లు అంటారు."

"మరదే కదండీ నేనన్నది."

"అందుకే షెల్ఫులో పెట్టకూడదు."

నాకు ఒళ్ళు పులకరించింది. మా ఆఫీసులో ఇంత చక్కటి నియమం రాయగల మనిషి ఇంతవరకు పుట్టలేదు.

పిట్ట కొంచెం, కూత ఘనం అన్నారు పెద్దలు. ఆ పిట్టకు కావలసిన పంజరం, గొలుసు, గింజల సంచీ ఎంత ఉంటాయో మాత్రం చెప్పకుండా దాటేశారు. షెల్ఫులో పెట్టకూడదు కాబట్టి స్పీకర్లకు స్టాండ్లు కావాలి. స్టాండు కదలకుండా నేలను పట్టుకోవడానికి దానికింద మేకులుంటాయి. ఆ మేకులు నేలను తాకకుండా వాటికింద ఇత్తడి బిళ్ళలుంటాయి. బిళ్ళలు జారకుండా మెత్తలు. మెత్తలు మరీ మెత్తబడి స్టాండు ఊగకుండా ఒక రాతిపలక. "చివరికి రాతిపలక నేలమీదే కదండీ ఉండేది?" అని మా ఆవిడ అడిగితే, సలహాదారు "మీ నేల ఏ రకం?" అని అడిగాడు.

వైర్ల విభాగం పైఅంతస్తులో ఉంది. వైరుమీద బాణం గుర్తుంటుంది. పాట ఆ బాణం చూసుకుంటూ వెళ్ళాలి. తిరగేసి తగిలిస్తే పాట వస్తుంది గానీ, మొహమాటంగా వస్తుంది. వైరు నేలమీద పడి ఉండకూడదు, కాబట్టి దాన్ని ఎత్తిపట్టడానికి చిన్న చిన్న పింగాణీ పీటలు అమ్ముతారు. మా ఇంటికి చుట్టాలొస్తే సగంమంది నిలబడే ఉంటారు. ఇప్పుడు వైరు మాత్రం పీటలమీద కూర్చుంటుంది. ఇవిగాక పాటను పెంచి స్పీకర్లకు అందించే ఆంప్లిఫయరు, దుమ్ము దులపడానికి ఒక కుంచె, ఆ కుంచెకు దుమ్ము పట్టకుండా ఒక డబ్బా కూడా తీసుకున్నాం.

సామానంతా ఇంటికి చేరాక మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. టీ పెట్టింది. రెండు కప్పులు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. "ఊఁ, పెట్టండి పాట!"

"ఇప్పుడే కుదరదు," అన్నాను నేను సామానుతో వచ్చిన నియమావళి తిరగేస్తూ. "ముందు పదును పట్టాలిట."

కొత్త స్పీకరు బిగుసుకుని ఉంటుందట. అది సాగేదాకా వట్టి బుస్సుమనే శబ్దం మాత్రమే పెట్టాలి. కొత్త చెప్పులు కరవవా, ఇదీ అంతే అన్నాడు సలహాదారు ఫోనులో. దాంతో మా హాల్లో పగలల్లా ఒక పెద్ద పాము, దానికి తోడు ఇంకో పెద్ద పాము బుసకొట్టాయి. పాలవాడు వాకిట్లో పాకెట్లు విసిరేసి పారిపోయాడు. అయినా మా ఇంట్లో ఉత్సాహానికి లోటేమీ లేదు. బుస్సులో రాగం వెతుక్కుంటూ మా ఆవిడ కూనిరాగం తీసింది, నేను బల్లమీద దరువేశాను. నిజం చెబుతున్నాను, ఆ రోజులు భలే సరదాగా గడిచాయి. (కూనిరాగం నిషిద్ధమని తర్వాత తెలిసింది. స్పీకరు అపస్వరాలు నేర్చుకుంటుందట.)

పదును పట్టాక వచ్చాడు అసలైన పెద్దమనిషి, ఆసన స్థాన నిర్ధారణాధికారి. శ్రోత ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఈయనే. చేతిలో దారపు ఉండ, చెవిమీద సుద్దముక్క. లోపలికి వస్తూనే సోఫాను చూసి ముక్కు చిట్లించాడు.

"ఇది శబ్దాన్ని మింగేస్తుంది. తీయించండి."

సోఫా బాల్కనీలోకి వెళ్ళింది. అద్దాల బీరువా శబ్దాన్ని వెనక్కి కొడుతుందని పడకగదిలోకి వెళ్ళింది. దానికి చోటు కావాలి కాబట్టి మంచం గోడకు నిలబడింది. స్పీకర్లు వెనకగోడకు దూరంగా ఉండాలన్నది మొదటి నియమం గనక అవి ముందుకు జరిగి జరిగి హాలు నడిమధ్యకు వచ్చాయి. ఒకదానికొకటి ఎడంగా ఉండాలన్నది రెండో నియమం గనక చెరో పక్కకూ జరిగాయి. వాటి మధ్య ఎంత ఎడం ఉందో శ్రోత కూడా వాటికి అంత ఎడంగా కూర్చోవాలన్నది మూడో నియమం. అధికారి రెండు స్పీకర్లకూ దారాలు కట్టి, ఆ రెండూ కలిసేచోటు కోసం నేలమీద సుద్దముక్కతో గీత గీసుకుంటూ వెళ్ళి, ఎదురుగోడకు ముక్కు తగిలి ఆగాడు.

గోడమీద చెవి పెట్టాడు. వేలితో తట్టాడు. మా వైపు తిరిగి ప్రకటించాడు.

"మీ స్థానం గోడవతల ఉంది."

"అవతల టైలరమ్మ ఇల్లండీ," అన్నాను.

"అదృష్టవంతురాలు," అన్నాడు.

మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "పోనిద్దురూ ఈ గొడవంతా. ఆ స్పీకర్లు తీసుకెళ్ళి షెల్ఫులో పెట్టేసి, ఇక్కడే చాప పరుచుకుని కూచుందాం. మన పాటలేవో మనం వింటాం. ఎవరు చూడొచ్చారు?"

ఆ మాటకు అధికారి సుద్దముక్క జేబులో వేసుకుని, "షెల్ఫులో పెడితే గ్యారంటీ పోతుంది," అన్నాడు.

పాఠకులారా, గ్యారంటీ! దేనికీ గ్యారంటీ లేని ఈ లోకంలో చేతికందిన గ్యారంటీని కాలదన్నుకునేవాడు మనిషా? నేను అభ్యంతరం దాఖలు చేస్తానన్నాను. అది నాకు వచ్చిన ఏకైక విద్య. అభ్యంతరాన్ని సరైన స్థానంలో కూర్చుని చెప్పాలని, ఆ స్థానం గోడవతల ఉందని, అధికారి గుర్తుచేశాడు. మా ఆవిడ అప్పటికే తెచ్చి పరిచిన చాపను నేను చుట్టేశాను. ఆవిడ టీ కప్పులు లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు సాయంత్రం నేనే వెళ్ళి టైలరమ్మతో మాట్లాడాను. సరిగ్గా సుద్దగీత దారిలోనే, గోడవతల, ఆవిడ కుట్టుమిషను పక్కన ఒక స్టూలుంది. జాకెట్ల కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునేది.

"దానికేం భాగ్యం అన్నయ్యగారూ!" అంది టైలరమ్మ. "నాకూ ఒక్కదాన్నే కుట్టుకోలేక విసుగ్గానే ఉంది. వదినని పంపించండి."

పంపించాను. నాకూ వెళ్ళాలనే ఉంది గానీ, ఆంప్లిఫయరు పనిచేస్తున్నంతసేపూ యజమాని దాని పక్కనే ఉండాలని నాలుగో నియమం. రిమోటు కిరణం పాటకు అడ్డొస్తుందని అయిదోది. అందుచేత సోఫా లేని హాల్లో, రెండు స్పీకర్ల వెనకాల, పింగాణీ పీటల పక్కన నేలమీద కూర్చుని మొదటి పాట పెట్టాను. స్పీకర్ల వెనకాల పాట ఎలా ఉంటుందంటే, పెళ్ళిపందిట్లో స్తంభం వెనక కూర్చున్నవాడికి పెళ్ళి ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

కాసేపటికి మా ఆవిడ ఎగురుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అబ్బబ్బ! ఏం పాటండీ! ఆవిడ వచ్చి నా పక్కన కూచుని పాడినట్టుంది! వీణ తీగమీద వేలు జరిగితే కూడా తెలుస్తోంది. టైలరక్కయితే మిషను ఆపేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది!"

నేను పొంగిపోయాను. వ్యవస్థ గెలిచింది. మేకు, బిళ్ళ, మెత్త, పలక, ఏదీ వృథా పోలేదు. నియమాలు పాటించినవాడు చెడిపోడని ఎవరైనా అంటే ఇకమీదట నా పేరు చెప్పవచ్చు.

అప్పటినుంచి మా సాయంత్రాలు ఒక పద్ధతిలో నడుస్తున్నాయి. మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వస్తుంది, మొహం కడుక్కుంటుంది, టీ ఫ్లాస్కులో పోసుకుని పక్కింటికి వెళ్తుంది. (నాకో కప్పు ఆంప్లిఫయరుకు దూరంగా పెట్టి వెళ్తుంది. తడి తగలకూడదని ఆరో నియమం.) గోడమీద ఒకసారి తడితే తర్వాతి పాట, రెండుసార్లు తడితే అదే పాట మళ్ళీ. తట్టుడు వినపడగానే నేను చటుక్కున లేస్తాను. మా మధ్య ఇంత సమన్వయం ఏనాడూ లేదు. పాటకూ పాటకూ మధ్య గోడవతలనుంచి నవ్వులు వినిపిస్తాయి. పళ్ళ డాక్టరును మా ఆవిడ అనుకరిస్తోందని తెలుస్తుంది గానీ, ఏమంటోందో తెలియదు. ఆవిడకు అనుకరణ వచ్చని నాకిదివరకు తెలియదు.

ఒకరోజు ఆవిడ బయల్దేరబోతుంటే గుమ్మందాకా వెళ్ళాను. "ఇవాళ నీకేం పాటలు పెట్టమంటావు?" అన్నాను.

"మీ ఇష్టమండీ," అంది చెప్పులు వేసుకుంటూ.

ఆ మాటకు మహా సంతోషమేసింది. శిక్షణార్థికి ఇంతకన్నా పదోన్నతి ఏముంటుంది! నేను ఏరి ఏరి, పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం కలిసి విన్న పాట ఒకటి పట్టుకుని, దానికి తగ్గ సౌండు పెట్టి, తట్టుడు కోసం గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. ఒకసారి తడితే వేరే పాట అడిగినట్టు. రెండుసార్లు తడితే నచ్చినట్టు.

మూడుసార్లు తట్టింది. దానికి మా పద్ధతిలో అర్థం లేదు. నేను అయోమయంలో ఉండగానే గోడవతలనుంచి మా ఆవిడ గొంతు వచ్చింది.

"ఏవండోయ్! కాస్త సౌండు తగ్గిస్తారా? మేం కబుర్లు చెప్పుకుంటున్నాం!"

తగ్గించాను. అంత మందం గోడ దాటి వచ్చినా ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు. షాపువాళ్ళు ఫోను చేసి అభిప్రాయం అడిగితే, స్పష్టతకు పూర్తి మార్కులు వేశాను.