కాళ్ళు ఆరేదాకా

ఆ ఆదివారం పొద్దున్న పోస్ట్‌మ్యాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో జోళ్ళన్నీ ఎండబెట్టాలి, తన కాళ్ళు ఆరబెట్టుకోవాలి, సోమవారం నుంచి మళ్ళీ వీధుల్లో ఉత్తరాలు పంచాలి. కిందటి వానాకాలం తడి బూట్లతోనే తిరిగితే కుడికాలి బొటనవేలి గోరు ఫంగస్ పట్టి, పుచ్చి ఊడిపోయింది. పది నెలలు కుర్చీలో కూర్చుని ముద్రలు కొట్టాడు. నడక లేని పోస్ట్‌మ్యాన్ బతుకూ ఒక బతుకేనా అని కుమిలిపోయాడు. ఎట్టకేలకు కొత్త గోరొచ్చింది. "వేళ్ళ సందుల్లో తడి మిగలకూడదు. ఒకరి జోళ్ళు ఒకరు తొడగకూడదు. మళ్ళీ పట్టిందా, ఇక కుర్చీయే గతి!" అని డాక్టరు హెచ్చరించాడు.

మెట్ల మీద పన్నెండు జతలు బారులు తీరాయి. అందులో ఆయనవే అయిదు. ఉతికిన మేజోళ్ళ బకెట్టుతో మేడెక్కుతూ భార్య నిలదీసింది.

"ఏవండీ, ఆ గోరు మీదున్న ప్రేమలో పావు వంతు నా మీద చూపించరాదూ?"

"నువ్వు ఊడిపోయి మళ్ళీ మొలవలేదు కదే!"

ఆయన ముందుగదిలో మంచమెక్కి, కాళ్ళు కిటికీ ఎండలోకి చాపి, వేళ్ళ మధ్య దూది పెట్టి, వెలుగు పడకుండా మొహం మీద తెల్ల తువ్వాలు కప్పుకున్నాడు. అరగంటకు అలారం మోగేదాకా కాలు కదిపేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఎదురింటి టైలరు మెట్ల మీది జోళ్ళు చూశాడు. అన్ని జోళ్ళు ఒక గుమ్మం ముందు చేరాయంటే పెళ్ళన్నా కావాలి, చావన్నా కావాలి. పెళ్ళయితే తనను పిలవకుండా ఉంటారా? కిటికీలోంచి తొంగి చూశాడు. చాపిన కాళ్ళు, దూది, తెల్లగుడ్డ! చావేనని తేల్చుకుని పోస్ట్‌మాస్టరుకు ఫోన్ చేశాడు.

పావుగంటలో పోస్ట్‌మాస్టరూ, నలుగురు పోస్ట్‌మ్యాన్లూ వచ్చేశారు. రాత్రి వానకు నానిన బూట్లను మెట్ల మీదే విడిచి, చప్పుడు చేయకుండా మంచం చుట్టూ చేరారు. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషిని కుర్చీకి కట్టేశామని పోస్ట్‌మాస్టరు భోరుమన్నాడు.

"ఆ దిగులే తీసుకుపోయిందయ్యా!"

పాపం, తన కోసం అధికారి ఏడుస్తుంటే పోస్ట్‌మ్యాన్‌కూ కళ్ళు చెమర్చాయి. అయినా ఒట్టు ఒట్టే.

"సార్, ఇంకో మూడు నిమిషాలు ఆగండి. ఆరగానే లేస్తాను," అన్నాడు తువ్వాలు కిందనుంచి.

గదిలో ఒక్కరు మిగిలితే ఒట్టు. కాలికి ఏది దొరికితే అది తగిలించుకుని అయిదుగురూ వీధి చివరిదాకా పరుగో పరుగు. ఆ గోలకు భార్య మేడ దిగి వచ్చి, టైలరు దగ్గర సంగతంతా రాబట్టింది. అలారం మోగాక పోస్ట్‌మ్యాన్ బయటికొచ్చి చూస్తే తన అయిదు జతలూ మాయం. వాటి బదులు నీళ్ళు కారుతున్న అయిదు జతల బూట్లున్నాయి.

"రేపటికి వీటిలో ఒకటి తొడుక్కుని వెళ్ళండి," అంది భార్య.

"ప్రాణం పోయినా తొడగను!"

"అది ఇందాకే పోయిందన్నారుగా."

సోమవారం కొత్త జత కొనుక్కుని మరీ ఆఫీసుకు వెళ్ళాడు. అయిదుగురూ తలలు వంచుకుని ఎవరు తెచ్చిన జత వాళ్ళు బల్ల మీద పెట్టారు.

"జోళ్ళు తర్వాత. ముందు కాళ్ళు చూపించండి," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

పోస్ట్‌మాస్టరు గుమ్మం వైపు జరిగాడు. పోస్ట్‌మ్యాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చివరికి ఒక్కొక్కరే మేజోళ్ళు విప్పారు. అన్నీ పసుపు రంగు తిరిగిన గోళ్ళే!

"ఎన్నాళ్ళుగా దాస్తున్నారు?"

"నిన్ను కుర్చీలో కూర్చోబెట్టినప్పట్నుంచీ," అన్నాడొక పోస్ట్‌మ్యాన్. "చెబితే మమ్మల్నీ కూర్చోబెడతారని భయం."

ఆయన ఊరుకోలేదు. అందరినీ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. గోళ్ళు బాగుపడేదాకా నలుగురు పోస్ట్‌మ్యాన్లూ కుర్చీ వదలకూడదని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

"మరి ఉత్తరాలెవరు పంచుతారు?" అన్నాడు పోస్ట్‌మాస్టరు. అందరి చూపూ పోస్ట్‌మ్యాన్ కుడికాలి బొటనవేలి మీద పడింది.

తన వీధులతో పాటు ఆ నలుగురి వీధులూ తిరిగి సాయంత్రం ఇల్లు చేరేసరికి, ఆయన ఒంట్లో నొప్పి లేనిది ఆ గోరొక్కటే.